బొగ్గు గొంతులో ఎముక

రాళ్ళవాగు తండా,
మణుగూరు దగ్గర,
13 జూలై 2003

కవితక్కకు నీ తమ్ముడు బలరాం రాస్తున్నది.

నీ మరదలు మంగ్లి, పిల్ల బాలి, నేను బాగున్నామని మొదలుపెట్టాలి. మేం బాగానే ఉన్నాం. బొగ్గు చనిపోయింది అక్కా. మొన్న శుక్రవారం పొద్దున.

నీకు ఎట్లా చెప్పాలో తెలియక రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. దాన్ని కళ్ళు తెరవని పిల్లప్పుడు తెచ్చి పాలు పట్టింది నువ్వు. ఖమ్మంలో కిరాయి ఇంటివాళ్ళు కుక్కను ఉండనివ్వరంటే, నా చేతికి తాడు ఇచ్చి వెనక్కి చూడకుండా బస్సెక్కినావు. నాలుగేళ్ళు చూసుకున్నాను. చివరికి కాపాడలేకపోయాను.

నెల కింద ఒక నక్క పట్టపగలే తండాలోకి వచ్చింది. మనుషులను చూసి కూడా బెదరలేదు. పిల్లలు ఆడుకునే చోటికి తిన్నగా నడిచి వస్తుంటే బొగ్గు అడ్డం పడి తరిమింది. చెవి కొంచెం చిరిగింది, అంతే. ఆ రోజు తండా అంతా దాన్ని మెచ్చుకుంది.

మంగళవారం సీత్లా తల్లి పండుగ. మేకను కోశాం. ఎముకలు ఎప్పటిలాగే బొగ్గుకే. బుధవారం నుంచి అది ముద్ద ముట్టలేదు. కింది దవడ వేలాడేసింది. నోరు మూత పడదు, చొంగ కారుతూనే ఉంది. మొరగబోతే గొంతు వేరేగా వచ్చింది. చూసినవాళ్ళంతా ఒకటే మాట, "బొక్క ఇరికింది రా, తీసెయ్" అన్నారు. గురువారం నోరు తెరిచి, చేయి పెట్టి, లోపలంతా వెతికాం. ఎముక దొరకలేదు. ఇంకా కిందికి జారిందేమో.

నీకు గుర్తుందా, గనిలో పేలుళ్ళు పెట్టే ముందు, సైరన్ ఇంకా మోగకుండానే బొగ్గు మంచం కిందికి దూరేది. గురువారం మధ్యాహ్నం సైరన్ మోగింది, భూమి అదిరింది, పళ్ళెంలో గ్లాసులు ఊగాయి. అది మాత్రం వాకిట్లో అట్లాగే పడుకుని ఉంది. అప్పుడే నాకు భయం వేసింది.

చేను గట్టున పూడ్చి పైన రాళ్ళు పెట్టాం. బాలి అన్నం తినడం లేదు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ జవాబు రాయి.

బలరాం



ఖానాపురం హవేలి,
ఖమ్మం,
18 జూలై 2003

బలరాంకు,

తిట్టను. తిట్టాలంటే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. దాన్ని వదిలేసి వచ్చింది నేను, చివరిదాకా పెట్టుకున్నది నువ్వు.

ఉత్తరం చదివాక పొయ్యి మీద పప్పు మాడిపోయింది. ఇంటావిడ వచ్చి ఏమైందని అడిగితే, "మా ఇంట్ల ఒకలు పోయిండ్రు" అన్నాను. ఆమె పాపం మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చుంది. పోయింది కుక్క అని తర్వాత తెలిసి ముఖం అదోలా పెట్టింది. పెట్టుకోనీ.

మీ బావ కండక్టర్ విజిల్ తీసి చూసుకున్నాడు. మణుగూరు డిపోలో ఉన్నప్పుడు ఆయన ఆ విజిల్ ఊదితే బొగ్గు ఏ పొదలో ఉన్నా పరుగెత్తుకొచ్చేది, బస్సు తనకోసమే ఆగినట్టు. ఒకసారి నిజంగానే ఎక్కి కూర్చుంది. ప్యాసింజర్లంతా దిగిపోయారు. ఆయన దానికి టికెట్ కొట్టి చెవిలో పెట్టాడు. అది ఇప్పపూలు తిని తూలుకుంటూ వచ్చి నీ చెప్పుల మీద పడి నిద్రపోయిన రోజు గుర్తొచ్చి నవ్వాను, అట్లా నవ్వుతూనే ఏడ్చాను. నల్లగా పుట్టిందని బొగ్గు అని పేరు పెట్టాను. ఇప్పుడు వీధిలో ఇస్త్రీ బండి దగ్గర బొగ్గుల సంచి చూసినా ప్రాణం ఉసూరుమంటోంది.

బాలికి నేను చెప్పానని చెప్పు, అన్నం తినమని. దీపావళికి నేనే వస్తాను.

మా వీధిలో పశువుల దవాఖానా కాంపౌండర్ రామకృష్ణ ఉంటాడు. గొంతులో ఎముక పడితే ఎట్లా తీయాలో అడిగి రాస్తాను. తండాలో ఇంకో కుక్కకు ఈ చావు రాకూడదు.

మీ అక్క
కవిత



ఖానాపురం హవేలి,
20 జూలై 2003

బలరాం,

ఇది పోస్టులో వేయడం లేదు. మీ బావ చేతికిచ్చి బస్సులో పంపుతున్నాను. బస్టాండ్ ముందు భద్రయ్య హోటల్లో ఇస్తాడు. అందిన రోజే చదువు, చదివిన రోజే దవాఖానాకు బయలుదేరు.

పొద్దున రామకృష్ణను అడిగాను. చాయ్ తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టాడు.

"కింది దవడ ఏలాడేసిందా అక్కా?"

"అవ్."

"అంతకు ముందు ఏదన్న కరిచిందా దాన్ని?"

"నెల కింద ఒక నక్క చెవు కొరికిందట."

"పట్టపగలా?"

"అవ్, పట్టపగలే."

అతను లేచి నిలబడ్డాడు. "గది బొక్క గాదక్కా. పిచ్చి. పిచ్చి లేసిన కుక్కలన్ని ఎగబడి కరవయి. కొన్ని గిట్లనే దవడ ఏలాడేసుకొని పడి ఉంటయి. జనమంత బొక్క ఇరికిందనుకొని నోట్ల చెయ్యి పెడ్తరు. ఎవలు పెట్టిండ్రు?"

నేను చెప్పలేకపోయాను, నువ్వు రాయలేదు కాబట్టి.

పన్ను దిగకపోయినా సరేనట. చేతి మీద చిన్న గీత ఉండి, ఆ చొంగ తగిలితే చాలట. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి, ఒక్కటి కూడా మానకుండా పొడిపించుకోవాలి. ఆ జబ్బు బయటపడటానికి నెలలు పట్టొచ్చు. బయటపడితే మందు లేదు. మనిషికి నీళ్ళు గొంతు దిగవట. నీళ్ళు చూస్తేనే గొంతు పట్టేస్తుందట. అదే దాని గుర్తు.

ఎవరు చేయి పెట్టారు? పేరు రాయి.

కవిత



రాళ్ళవాగు తండా,
23 జూలై 2003

అక్కకు,

నీ ఉత్తరం అందింది. కంగారుపడకు. చేయి పెట్టింది నేనే. రేపటి నుంచి దవాఖానాకు పోతాను. మంగ్లికి ఏమీ చెప్పలేదు, ఊరికే భయపడుతుంది. నువ్వు కూడా ఇంటికి రాసే ఉత్తరాలలో ఈ మాట ఎత్తకు.

తండా నాయక్ కిషన్‌లాల్‌కు మాత్రం చెప్పాల్సి వచ్చింది. ఆ నక్క ఇంకా వేటిని కొరికిందో ఎవరికి తెలుసు అన్నాడాయన. నిన్న మగవాళ్ళంతా కర్రలు పట్టుకున్నారు. పదకొండు కుక్కలు. పిలిస్తే తోక ఊపుకుంటూ వచ్చాయి అక్కా, రోజూ పిలిచేవాళ్ళే కదా. సోమ్లి ముసలమ్మ తన కుక్కను దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె ఒళ్ళోంచే గుంజుకుపోయారు. పొద్దున చూస్తే ఆమె వాకిట్లో ఆకులో అన్నం పెట్టి ఉంది.

ఇప్పుడు తండాలో మొరుగుడు లేదు. కొత్తవాళ్ళు వచ్చినా, పాము వచ్చినా చెప్పేవాళ్ళు లేరు. అందరూ నన్ను చూసి తల తిప్పుకుంటున్నారు.

బలరాం



ఖానాపురం హవేలి,
26 జూలై 2003

బలరాం,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కుక్కల సంగతి మీ బావకు కూడా చదివి వినిపించాను. కానీ నన్ను నిద్ర పోనివ్వంది అది కాదు.

నీ చేయి నాకు తెలియదా? పదిహేనేళ్ళ నుంచి గొడ్డలి పట్టి జామాయిల్ చెట్లు కొట్టే చేయి. చెంబు లోపల తోమాలంటే నీ చేయి దూరదని మంగ్లి ఎప్పుడూ నవ్వేది. బొగ్గు మూతి ఎంతది? ఆ మూతిలోంచి గొంతు దాకా నీ అరచేయి పోయిందంటే నన్ను నమ్మమంటావా?

చిన్న చేయి అయితేనే పోతుంది. మీ ఇంట్లో చిన్న చేయి ఒకటే ఉంది.

నేను అనుకున్నది తప్పయితే నన్ను ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. అది తప్పే కావాలని మొక్కుకుంటున్నాను. నిజం రాయి. సిగ్గుపడటానికి ఇప్పుడు టైం లేదు.

కవిత



రాళ్ళవాగు తండా,
29 జూలై 2003

అక్కా,

బాలి చేయే.

నేను మొదట నా చేయి పెట్టి చూశాను. వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. చుట్టూ నిలబడ్డవాళ్ళు, "పోరిని పిలువు, దాని చెయ్యి సన్నగుంటది" అన్నారు. ఎవరన్నారో గుర్తులేదు. పిలిచింది మాత్రం నేను. అది బొగ్గు పక్కన కూర్చుని ఏడుస్తోంది. "నేను తీస్త బాపూ, నన్నైతే అది కొరకది" అంది. నేను పై దవడ, కింది దవడ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని తెరిచాను. బాలి మణికట్టు దాకా లోపలికి పెట్టింది. "మెత్తగుంది బాపూ, ఏం లేదు" అంటూనే వెతికింది. బొగ్గు కదలలేదు. కళ్ళు పైకెత్తి బాలినే చూసింది. అయిపోయాక బాలి చేతిని పావడాకు తుడుచుకుంది.

దాని వేళ్ళకు ఎప్పుడూ గీతలే. రేగు కంపల్లో ఆడుతుంది, గోళ్ళు కొరుకుతుంది.

నీ ఉత్తరం వచ్చిన మరునాడే దాన్ని దవాఖానాకు తీసుకుపోయాను. అబద్ధం చెప్పను. లైన్లో మా ముందు ఒక పెద్ద మనిషికి సూది వేస్తున్నారు. ఆయన అరుపు విని బాలి నా కాళ్ళకు చుట్టుకుంది. "ఒద్దు బాపూ, నన్ను కుక్క కరవనే లేదు గదా" అంది. నాకూ అట్లాగే అనిపించింది. కరవలేదు కదా. ఏడేళ్ళ పిల్ల పొట్టలో పద్నాలుగు సూదులు ఎట్లా గుచ్చనిస్తాను? లైన్లోంచి వచ్చేశాను. దారిలో దానికి సోడా కొనిచ్చాను. ఇంటికి వచ్చి నీకు 'నేనే' అని రాశాను. రాస్తే అదే నిజమవుతుందని అనుకున్నట్టున్నాను.

నాకు వేయడం మొదలుపెట్టారు. దానికి మాత్రం నా వల్ల కావడం లేదు. ఏం చేయమంటావో చెప్పు.

బలరాం



ఖానాపురం హవేలి,
31 జూలై 2003

బలరాం,

ఈ ఉత్తరం ఇవాళ బస్సులోనే పంపుతున్నాను. రేపు శుక్రవారం పొద్దున తొమ్మిది గంటల బస్సు. బావ డ్యూటీలో ఉంటాడు. బాలిని భద్రయ్య హోటల్ దగ్గరికి తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టు. వాగు పొంగితే భుజాల మీద దాటించు. రెండు జతల బట్టలు చాలు.

సూదులు నేను వేయిస్తాను. అది నన్ను తిట్టుకోనీ, రక్కనీ. నీ మీద ప్రేమ తగ్గకుండా ఉంటుంది.

ఇంకోసారి నువ్వు జాలిపడితే పిల్ల దక్కదు. అంతే.

కవిత



ఖానాపురం హవేలి,
16 ఆగస్టు 2003

బలరాంకు,

పద్నాలుగూ అయ్యాయి. ఈ ఉత్తరం బాలి చేతికే ఇచ్చి పంపుతున్నాను.

మొదటి మూడు రోజులు నా చేతులు కొరికింది. నాలుగో రోజు నుంచి దవాఖానా మెట్ల దాకా ఏడ్చి, లోపల మాత్రం ఏడవలేదు. పొట్ట అంతా గడ్డలు కట్టింది. గుడ్డ వేడి చేసి కాపడం పెట్టేదాన్ని. ఒకరోజు కాపడం పెడుతుంటే అడిగింది, "అత్తా, నేను బొక్క తీసుంటే బొగ్గు బతుకునా?" అని. అక్కడ ఎముక లేనే లేదని చెప్పాను. "మల్ల నేను సరిగ్గ ఎతకలేదనుకున్న" అంది. ఇన్ని రోజులు ఆ పిల్ల కడుపులో ఏం పెట్టుకుని తిరిగిందో చూడు. పక్కింటివాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా దాన్ని ఒళ్ళో వేసుకుని ఇద్దరం కలిసి ఆ కుక్క కోసం ఏడ్చాం. బొగ్గు మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆ నక్క ముందు అడ్డం పడకపోతే ఏ పిల్లను కరిచేదో.

డాక్టర్‌ను సూటిగా అడిగాను. ఆలస్యంగా మొదలుపెట్టాం కాబట్టి మాట ఇవ్వలేనన్నాడు. మూడు నెలలు గడవనివ్వమన్నాడు. రోజూ బాలి నీళ్ళు ఎట్లా తాగుతోందో చూసుకో. దానికి తెలియకుండా చూడు.

నీ పద్నాలుగు అయ్యాయా? ఆ ఒక్క ముక్క రాయలేదు నువ్వు. నువ్వు కూడా బొగ్గు నోరు పట్టుకున్నావు.

మీ అక్క



రాళ్ళవాగు తండా,
7 సెప్టెంబర్ 2003

అక్కకు,

బాలి బడికి పోతోంది. పొద్దున లేవగానే దాని ముందు చెంబుతో నీళ్ళు పెడతాను. అది గటగటా తాగుతుంది. ఆ చప్పుడు విన్నాకే గొడ్డలి భుజాన వేసుకుని కోతకు పోతాను. ఆ గుక్కలు అయిపోయేవరకు నాకు ఊపిరి ఆడదు.

నిన్న చేను గట్టుకు పోయి బొగ్గు మీద పెట్టిన రాళ్ళ చుట్టూ గడ్డి పీకింది. సోమ్లి ముసలమ్మ కూడా వెంట పోయింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, నవ్వుకుంటూ వచ్చారు. మూడు నెలలకు ఇంకా నెల రోజులుంది.

లారీ వచ్చింది. మళ్ళీ రాస్తాను.

బలరాం



ఖానాపురం హవేలి,
12 సెప్టెంబర్ 2003

బలరాం,

అడిగినదానికి జవాబు రాలేదు. నీ పద్నాలుగు అయ్యాయా, లేదా?

కవిత



రాళ్ళవాగు తండా,
8 అక్టోబర్ 2003

అక్కా,

బాలి బాగుంది. ముందు ఆ మాట చదువుకో, రెండుసార్లు చదువుకో. ఇవాళ పొద్దున కూడా చెంబెడు నీళ్ళు తాగింది.

నేను వేయించుకున్నవి నాలుగే. అయిదో రోజు లారీ లోడింగ్ ఉండింది. ఆ తర్వాత బాలి నీ దగ్గరికి వచ్చేసింది. దానికి సూదులు పడుతున్నాయంటే ఇక గండం గడిచిందనుకున్నాను. లోపల చేయి పెట్టింది అది, నేను పైన పట్టుకున్నవాణ్ణి అనుకున్నాను. ఆ వారం జామాయిల్ పేడు దిగి నా ఎడమ అరచేయి చీలి ఉండింది. ఆ సంగతి నీకు రాయలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు. రాత్రింబగళ్ళు దాని గొంతు వంకే చూస్తూ మూడు నెలలు గడిపేశాను.

అయిదు రోజులుగా ఆ చీలిన చోట చీమలు పాకినట్టుంది. గాయం ఎప్పుడో మానిపోయింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. కోతకు పోయి గొడ్డలి పట్టలేక నిన్న తిరిగొచ్చాను. మంగ్లి మలేరియా అంటోంది. అననీ.

ఇవాళ పొద్దున బాలి నీళ్ళు తాగి, చెంబు మళ్ళీ నింపి నా ముందు పెట్టింది. "రోజు నన్నే చూస్తవ్ బాపూ. ఇయ్యాల నువ్వు తాగు, నేను చూస్త" అంది. నాకు దూప లేదన్నాను. వినలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని, అచ్చం నాలాగే నా గొంతు వంక చూడటం మొదలుపెట్టింది. దానికి అదొక ఆట. కాదనలేకపోయాను.

ఒక గుక్క దిగింది. రెండోది దిగింది. మూడోది గొంతులో ఎవరో పిడికిలి బిగించినట్టు ఆగిపోయి, ముక్కులోంచి తిరిగొచ్చింది. చెంబు చేతిలోంచి పడింది. కింద పారుతున్న నీళ్ళ వంక చూడలేక ముఖం గోడకు తిప్పుకున్నాను.

బాలి నవ్వుకుంటూ లేచి నా నడినెత్తి మీద మెల్లగా తట్టింది, మనకు పొలమారితే మంగ్లి తట్టినట్టు. "ఎవలో యాది జేస్తుండ్రు బాపూ" అంది. కింద పడిన చెంబు తీసి పక్కన పెట్టింది. "బొగ్గే అయ్యుంటది" అంది.

మంగ్లిని తోడు తీసుకుని రేపు దవాఖానాకు పోతాను. రామకృష్ణ చెప్పింది నాకు గుర్తుంది, కాబట్టి నన్ను ఊరడిస్తూ జవాబు రాయకు. బావను శుక్రవారం బస్సుకు పంపు. బాలిని తీసుకుపొండి. దీపావళికి అత్త పిలిచిందని చెబుతాను, సంతోషంగా వస్తుంది. ఇక్కడుంటే రేపటి నుంచి నాకు నీళ్ళు తెచ్చేది అదే.

అది పొలమారడమే అనుకుంటోంది అక్కా. అట్లా అనుకుంటూ ఉండగానే బస్సెక్కించాలి.

బలరాం